సీనేమ్ పెట్టినా పాత డొమైన్ కొత్తదానికి వెళ్ళట్లేదు, పైగా మెయిల్స్ కూడా ఆగిపోయాయి

నర్సరీ_తమ్ముడు (ఉదయం 9:12)
కడియంలో మా అన్నయ్యకి నర్సరీ ఉంది. ఆరేళ్ళుగా సైటు డాట్ ఇన్ మీద నడుస్తోంది. పోయిన నెల అదే పేరు డాట్ కామ్‌లో దొరికితే కొన్నాను. కొత్త హోస్టింగ్ తీసుకుని సైటు మొత్తం అక్కడికి మార్చాను. పాత హోస్టింగ్ గడువు ఈ నెలాఖరుకి అయిపోతుంది. అసలు పేర్లు ఇక్కడ పెట్టడం లేదు, పాతపేరు.ఇన్, కొత్తపేరు.కామ్ అనుకోండి.

నాకు కావాల్సింది ఒక్కటే: ఎవరైనా పాతపేరు కొడితే కొత్తపేరుకి వెళ్ళాలి. సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరు వైపు చూపించే రికార్డు) పెడితే రీడైరెక్ట్ అయిపోతుందని ఒక వీడియోలో చూశాను. నిన్న రాత్రి డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ పేజీ (ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్ళాలో రాసే చోటు) తెరిచి, మూడు డబ్ల్యూల పేరుకి కొత్తపేరు.కామ్ అని సీనేమ్ పెట్టాను. @ కి (అంటే మూడు డబ్ల్యూలు లేని పాతపేరు.ఇన్ కి) కూడా అదే పెట్టబోతే "ఈ పేరుతో వేరే రికార్డులు ఉన్నాయి" అని ఎర్రగా వచ్చింది. ఉన్నవన్నీ తీసేసి మళ్ళీ పెడితే తీసుకుంది.

పొద్దున్నే చూస్తే "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని వస్తోంది. అయినా సరేనని లోపలికి వెళ్తే మా సైటు కాదు, హోస్టింగ్ వాళ్ళ సారీ పేజీ కనిపిస్తోంది. అడ్రస్ బార్‌లో పాతపేరే ఉంది. అంతకన్నా పెద్ద టెన్షన్ ఏమిటంటే, ఇన్‌ఫో అడ్రసుకి పంపిన మెయిల్స్ వెనక్కి పోతున్నాయట. బెంగళూరు నుంచి ఒక లేఅవుట్ వాళ్ళు ఆర్డరు లిస్టు పంపితే తిరిగొచ్చిందని అన్నయ్యకి ఫోన్ చేశారు. మా మెయిల్ వేరే కంపెనీ దగ్గర ఉంది, హోస్టింగ్‌తో దానికి సంబంధమే లేదు. మెయిల్ ఎందుకు ఆగింది?

గాలిపటం (9:20)
ప్రోపగేషన్ టైమ్ బ్రో, మార్పు అన్నిచోట్లకీ చేరాలి కదా. 48 గంటలు ఆగు, అదే సర్దుకుంటుంది.

సర్వర్‌గది (9:31)
48 గంటలు కాదు, 48 రోజులు ఆగినా ఇది సర్దుకోదు. తమ్ముడూ, ముందు మెయిల్ సంగతి చూడు, సైటు తర్వాత. @ దగ్గర పెట్టిన సీనేమ్ ఇప్పుడే తీసెయ్. ఎందుకో తర్వాత చెప్తాను. "ఉన్నవన్నీ తీసేసి" అన్నావు కదా, ఆ తీసేసిన వాటిలో ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి) ఉన్నాయా?

నర్సరీ_తమ్ముడు (9:38)
ఉన్నాయన్నా. ఎంఎక్స్ రెండు, ఐపీ అడ్రసు చూపించే 'ఏ' (A) రికార్డు ఒకటి, టెక్స్ట్ రికార్డులు రెండు. స్క్రీన్‌షాట్ తీసుకోలేదు.

తపాలాబంట్రోతు (9:44)
మెయిల్ కంపెనీ అడ్మిన్ పేజీలోకి వెళ్ళు. డొమైన్ సెట్టింగ్స్ దగ్గర ఆ రెండు ఎంఎక్స్ విలువలూ పక్కన ప్రయారిటీ అంకెలతో సహా ఉంటాయి. అంకెలు కూడా అలాగే వెయ్యాలి, తక్కువ అంకె ఉన్నదానికి మెయిల్ ముందు వెళ్తుంది. టెక్స్ట్ రికార్డుల్లో ఒకటి ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) అయి ఉంటుంది, అదీ అక్కడే దొరుకుతుంది. రెండోది చాలావరకు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ వెతుకులాటలో సైటు సంగతి చూసుకునే చోటు) డొమైన్ మీదేనని వెరిఫికేషన్ కోసం పెట్టిందే. డీకిమ్ రికార్డు (మెయిల్ మీద సంతకం సరిచూసేది) వేరే పేరు మీద ఉంటుంది కాబట్టి అది పోయి ఉండదు, ఒకసారి చూసుకో.

వాటిని తిరిగి పెట్టే ముందు ఒక పని చేస్తావా? విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్‌తో పాతపేరుకి ఎంఎక్స్ అడుగు. ఏం వస్తుందో ఇక్కడ పెట్టు. నా అనుమానం ఒకటుంది.

నర్సరీ_తమ్ముడు (9:52)
పాతపేరు.ఇన్, కెనానికల్ నేమ్ = కొత్తపేరు.కామ్
కొత్తపేరు.కామ్, ఎంఎక్స్ ప్రిఫరెన్స్ = 0, మెయిల్ ఎక్స్ఛేంజర్ = కొత్తపేరు.కామ్

ఇదేమిటి? నేను పాతపేరుకి అడిగితే కొత్తపేరు ఎంఎక్స్ చూపిస్తోంది.

తపాలాబంట్రోతు (10:01)
అనుకున్నదే. సీనేమ్ అంటే వెబ్‌సైటుకి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. అది ఆ పేరు మొత్తానికి వర్తిస్తుంది. పాతపేరుకి ఐపీ అడిగినా, ఎంఎక్స్ అడిగినా, టెక్స్ట్ అడిగినా "నన్ను కాదు, కొత్తపేరుని అడుగు" అనే జవాబు వస్తుంది. బెంగళూరు వాళ్ళ మెయిల్ సర్వర్ అలాగే వెళ్ళి అడిగింది. కొత్తపేరు.కామ్ కొన్నప్పుడు హోస్టింగ్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పెట్టిన ఎంఎక్స్ దానికి దొరికింది. మెయిల్ తీసుకెళ్ళి ఆ హోస్టింగ్ సర్వర్‌కి ఇచ్చింది. ఆ సర్వర్‌కి పాతపేరు అనే డొమైన్ సంగతే తెలియదు. అందుకని 550 అనే తిరస్కరణ కోడ్ కొట్టి పంపేసింది. తిరిగొచ్చిన మెయిల్‌లో 550 అని, రిలే అనే మాట ఉందా?

నర్సరీ_తమ్ముడు (10:09)
అన్నయ్యకి వాట్సాప్‌లో పంపిన ఫోటోలో 550, "రిలే నాట్ పర్మిటెడ్" అని ఉంది! అంటే ఆ మెయిల్ ఇక రాదా?

తపాలాబంట్రోతు (10:15)
రాదు. 4తో మొదలయ్యే ఎర్రర్ అయితే పంపిన సర్వర్ దాన్ని క్యూలో ఉంచుకుని నాలుగైదు రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే శాశ్వతంగా కాదన్నట్టు, వెంటనే తిప్పి పంపేస్తుంది. రాత్రి నుంచి ఎవరెవరు పంపారో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి మళ్ళీ పంపమనండి. ముందు ఎంఎక్స్ సరిచెయ్.

సర్వర్‌గది (10:34)
తపాలా గారు చెప్పింది అక్షరాలా సరి. ఇక అసలు విషయం, సీనేమ్ రీడైరెక్ట్ కాదు అన్నది. కొంచెం నిదానంగా రాస్తాను, ఈ పొరపాటు ఏటా పదిమంది చేస్తుంటారు.

ఊళ్ళోకి కొత్తగా వచ్చిన మనిషి పంతులుగారి ఇల్లెక్కడ అని అడిగాడనుకో. కిళ్ళీకొట్టు అతను "పంతులుగారి ఇల్లంటే కరణంగారి మేడేనండీ, ఆ వీధి చివర" అన్నాడు. వచ్చినవాడు ఆ మేడ దగ్గరికే వెళ్తాడు. కానీ గుమ్మంలో నిలబడి ఏమని పిలుస్తాడు? "పంతులుగారూ" అనే పిలుస్తాడు. లోపలివాళ్ళకి పంతులుగారు ఎవరో తెలిస్తే తలుపు తీస్తారు. తెలియకపోతే ఇక్కడెవరూ లేరంటారు.

సీనేమ్ చేసేది ఆ కిళ్ళీకొట్టు అతని పని. దారి చెప్పడమే. బ్రౌజర్ కొత్తపేరు సర్వర్ దాకా వెళ్తుంది, అక్కడ హోస్ట్ హెడర్‌లో (ఏ సైటు కావాలో చెప్పే వరుసలో) మాత్రం పాతపేరు.ఇన్ అనే చెప్తుంది. నీది షేర్డ్ హోస్టింగ్, ఒకే ఐపీ మీద కొన్ని వందల సైట్లు ఉంటాయి. వచ్చిన పేరు ఎవరిదో తెలియక సారీ పేజీ ఇచ్చింది. దానికన్నా ముందే సర్టిఫికెట్ దగ్గర గొడవ వచ్చింది. బ్రౌజర్ పాతపేరుకి సర్టిఫికెట్ అడిగింది, అక్కడ ఉన్నది వేరే పేరుకి. అందుకే కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది.

రీడైరెక్ట్ అంటే గుమ్మంలో మనిషి నిలబడి "వాళ్ళు ఇల్లు మారారండీ, ఫలానా వీధికి వెళ్ళండి" అని చెప్పడం. అది హెచ్‌టీటీపీ పని. 301 గానీ 302 గానీ 308 గానీ, ఆ దారి మళ్ళించే జవాబు వెబ్ సర్వరే ఇవ్వాలి. అప్పుడే అడ్రస్ బార్‌లో పేరు మారుతుంది. డీఎన్ఎస్‌కి అడ్రస్ బార్ అనేది ఒకటుందని కూడా తెలియదు.

పడమటిగాలి (10:41)
సర్వర్‌గది అన్నా, దీనితో ఒప్పుకోను. నా బ్లాగు బ్లాగ్‌స్పాట్ మీద ఉంది. నేను పెట్టింది సీనేమ్ ఒక్కటే. పాత బ్లాగ్‌స్పాట్ లింకు కొడితే నా డొమైన్‌కి వెళ్తుంది, అడ్రస్ బార్ కూడా మారుతుంది. నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను.

వెన్నెలరాతలు (10:50)
పడమటిగాలి, నాదీ బ్లాగ్‌స్పాటే. సీనేమ్ ఒక్కటే కాదు, గుర్తు తెచ్చుకో. బ్లాగర్ సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ అని నీ డొమైన్ పేరు రాశావు కదా? అప్పుడు వాళ్ళు రెండు సీనేమ్‌లు ఇచ్చారు, ఒకటి మూడు డబ్ల్యూలకి ghs అనే గూగుల్ పేరు, ఇంకోటి డొమైన్ నీదేనని రుజువుకి పెట్టే పొడుగాటి పేరు. అలా రాయడం వల్లే గూగుల్ సర్వర్‌కి నీ పేరు తెలిసింది. బ్లాగ్‌స్పాట్ లింకు నుంచి నీ డొమైన్‌కి పంపేది గూగుల్ వెబ్ సర్వర్, సీనేమ్ కాదు. సెట్టింగ్స్‌లో పేరు రాయకుండా సీనేమ్ ఒక్కటే పెట్టి చూడు, 404 అని, పేజీ దొరకలేదనే జవాబు వస్తుంది. నాకు మొదటిరోజు అదే వచ్చింది.

పడమటిగాలి (10:58)
అవును, ఆ రెండో సీనేమ్ మర్చేపోయాను. అక్కా, మరి మూడు డబ్ల్యూలు లేకుండా కొడితే నాది తెరుచుకోదు. దానికీ ghs సీనేమ్ పెట్టాలా?

వెన్నెలరాతలు (11:03)
వద్దు వద్దు, ఇక్కడ జరిగిందే నీకూ జరుగుతుంది! దానికి బ్లాగర్ వాళ్ళు నాలుగు ఏ రికార్డులు ఇస్తారు: 216.239.32.21, 34.21, 36.21, 38.21, మొదటి రెండు ముక్కలూ అన్నిటికీ అవే. నాలుగూ @ కి పెట్టి, సెట్టింగ్స్‌లో డొమైన్‌ని రీడైరెక్ట్ చెయ్యమనే బటన్ ఆన్ చెయ్. గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకునేవాళ్ళకీ ఇలాంటి లెక్కే, 185.199.108.153 నుంచి 111.153 దాకా నాలుగు.

నర్సరీ_తమ్ముడు (11:10)
@ సీనేమ్ తీసేశాను. ఎంఎక్స్ రెండూ, ఎస్‌పీఎఫ్ పెట్టాను. ఏ రికార్డు కొత్త హోస్టింగ్ ఐపీకి పెట్టాను. జీమెయిల్ నుంచి టెస్ట్ మెయిల్ పంపితే మళ్ళీ 550.

తపాలాబంట్రోతు (11:14)
ఆ సీనేమ్‌కి టీటీఎల్ (జవాబుని ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే అంకె) ఎంత ఉండేది?

నర్సరీ_తమ్ముడు (11:16)
1 గంట అని ఉండేది.

తపాలాబంట్రోతు (11:18)
అయితే 12:10 దాటాక పంపు. పాత జవాబుని గంటసేపు దగ్గర పెట్టుకోవచ్చని నువ్వే చెప్పావు, జీమెయిల్ వాళ్ళు అలాగే పెట్టుకున్నారు.

గాలిపటం (11:25)
మరి ఈ 48 గంటల మాట ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఊహించి చెప్పలేదు, ప్రతి హోస్టింగ్ వాళ్ళూ అదే రాస్తారు.

సర్వర్‌గది (11:37)
అడగాల్సిన ప్రశ్నే. డాట్ కామ్ పై స్థాయిలో నేమ్‌సర్వర్ల (డొమైన్ రికార్డులు ఉండే సర్వర్ల) రికార్డుకి టీటీఎల్ 1,72,800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. నేమ్‌సర్వర్లు మారిస్తే పాతవి అంతసేపు ఎక్కడో ఒకచోట మిగలవచ్చు. ఆ మాటే అన్నిటికీ అంటుకుపోయింది. జోన్ (ఒక డొమైన్ రికార్డులన్నీ కలిపి) లోపల ఒక రికార్డు మారిస్తే లెక్క ఆ రికార్డు టీటీఎల్ ప్రకారమే. ప్రోపగేషన్ అనే పేరు కూడా సరికాదు, కొత్త జవాబు ఎక్కడికీ పాకదు. పాతది క్యాష్‌లో గడువు తీరి పోతుంది, అంతే. ఏదైనా మార్చబోయే ముందు రోజు టీటీఎల్‌ని 300కి దించి పెట్టుకుంటే ఈ ఎదురుచూపులు ఉండవు.

మూడోగేర్ (11:46)
నాకు ఒక్కటి అర్థం కాలేదు. @ కి సీనేమ్ తప్పయితే ఆ ప్యానెల్ ఎలా తీసుకుంది? మా ప్యానెల్ అసలు ఒప్పుకోదు.

సర్వర్‌గది (12:02)
తీసుకోకూడదు. 1987 నవంబరులో వచ్చిన డీఎన్ఎస్ నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 1034లోనే ఉంది, ఒక పేరుకి సీనేమ్ ఉంటే ఆ పేరు మీద ఇంకే డేటా ఉండకూడదని. డొమైన్ తల దగ్గర, అంటే @ దగ్గర, ఎస్ఓఏ (జోన్ వివరాలు), ఎన్ఎస్ (నేమ్‌సర్వర్లు) రికార్డులు తప్పనిసరిగా ఉంటాయి. అవి లేకపోతే ఆ డొమైనే లేదు. కాబట్టి అక్కడ సీనేమ్‌కి చోటే లేదు. ఆ రెండూ ప్యానెల్‌లో మనకి కనపడకుండా దాచి ఉంటాయి, అందుకని ఖాళీ అయిందనుకుని పెట్టేస్తాం. కొన్ని ప్యానెల్స్ ఎంఎక్స్‌ని పట్టుకుంటాయి గానీ వాటిని పట్టుకోవు. ఇది ప్యానెల్ చేసినవాళ్ళ తప్పు, నర్సరీ తమ్ముడిది కాదు.

పేరు విషయంలో కూడా ఒకటి చెప్పాలి. సీనేమ్ అంటే కెనానికల్ నేమ్, అసలు పేరు అని. ఎడమవైపు రాసేది మారుపేరు, కుడివైపు ఉన్నది అసలు పేరు. "మూడు డబ్ల్యూలు నా సీనేమ్" అంటుంటారు, అది తలకిందులు.

ఓరుగల్లు_కోడర్ (12:11)
ఇవన్నీ లేకుండా డీఎన్ఎస్ మొత్తం క్లౌడ్‌ఫ్లేర్ అనే సర్వీసుకి మార్చేస్తే పోలా? అక్కడ @ కి కూడా సీనేమ్ పెట్టొచ్చు, వాళ్ళు లోపల దాన్ని ఐపీగా మార్చి ఇస్తారు. ఫ్లాటెనింగ్ అంటారు. అమెజాన్ వాళ్ళ రూట్ 53లో ఏలియాస్ రికార్డు ఉంది, అదీ అలాంటిదే. రీడైరెక్ట్ కావాలంటే హోస్టింగ్ కూడా అక్కర్లేదు. @ కి 192.0.2.1 అని ఉత్తుత్తి ఐపీ పెట్టి, నారింజ మేఘం (వచ్చేవాళ్ళు క్లౌడ్‌ఫ్లేర్ గుండా వెళ్ళే సెట్టింగు) ఆన్ చేసి, రీడైరెక్ట్ రూల్ ఒకటి రాస్తే చాలు. 192.0.2 అనే వరుస డాక్యుమెంటేషన్ కోసం కేటాయించింది, దాని వెనక ఏ సర్వరూ ఉండదు. క్లౌడ్‌ఫ్లేర్ గుమ్మంలోనే తిప్పి పంపేస్తుంది. సర్టిఫికెట్ కూడా వాళ్ళే ఇస్తారు. నేను నాలుగు పాత డొమైన్లు ఇలాగే నడుపుతున్నాను.

సర్వర్‌గది (12:19)
పద్ధతి మంచిదే, కాదనను. కానీ ఈరోజు వద్దు. మెయిల్ ఇప్పుడే గాడిలో పడుతోంది. ఈ స్థితిలో నేమ్‌సర్వర్లు మారిస్తే ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

ఓరుగల్లు_కోడర్ (12:24)
అదీ నిజమే. ఎవరైనా తర్వాత మారితే ఒకటి గుర్తుపెట్టుకోండి: డీకిమ్ కోసం ఇచ్చే సీనేమ్‌లకి నారింజ మేఘం ఆన్ చెయ్యకూడదు, బూడిదరంగులోనే ఉంచాలి. బ్లాగ్‌స్పాట్ వాళ్ళకి కూడా సర్టిఫికెట్ వచ్చేదాకా బూడిదరంగే మేలు.

నర్సరీ_తమ్ముడు (12:26)
టెస్ట్ మెయిల్ వచ్చేసింది!! బెంగళూరు వాళ్ళకి అన్నయ్య ఫోన్ చేస్తున్నాడు. ఇప్పుడు సైటు. ఇంకో విషయం చెప్పాలి, అసలు నా కంగారంతా దీని కోసమే. మొక్కలకి కట్టే పసుపు ప్లాస్టిక్ ట్యాగు చూసి ఉంటారు. మా ట్యాగు మీద మొక్క పేరు, కింద నర్సరీ పేరు, పక్కన క్యూఆర్ కోడ్ ఉంటాయి. స్కాన్ చేస్తే ఆ మొక్కకి నీళ్ళు ఎన్ని పొయ్యాలి, ఎంత దూరంలో నాటాలి, ఏ నెలలో ఏ ఎరువు వెయ్యాలి, అన్నీ ఉన్న పేజీ తెరుచుకుంటుంది. పనసకి ఒక పేజీ, సపోటాకి ఒక పేజీ. ఆ కోడ్‌లన్నీ పాతపేరుతో ఉన్నాయి. ఇప్పటికే వేల మొక్కలతో పాటు జనం ఇళ్ళకి వెళ్ళిపోయాయి. ఇంకో రెండు కట్టలు షెడ్డులో ఉన్నాయి.

సర్వర్‌గది (12:48)
మంచి పని చేస్తున్నారు, మొక్క కొన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి. అయితే రెండు జాగ్రత్తలు. క్యూఆర్‌లో లింకు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవుతుంటే పాతపేరుకి కూడా సర్టిఫికెట్ ఉండి తీరాలి. రీడైరెక్ట్ అనే మాట చెప్పేలోపే సర్టిఫికెట్ చూపించాలి మరి. డొమైన్ కొన్న చోట "ఫార్వర్డింగ్" అని ఉచితంగా ఇచ్చే వాటిలో కొన్ని ఇక్కడే చెడతాయి, హెచ్‌టీటీపీకి పనిచేసి హెచ్‌టీటీపీఎస్‌కి ఊరుకుంటాయి. రెండోది, పనస లింకు కొడితే పనస పేజీకే వెళ్ళాలి, మొదటి పేజీకి కాదు.

మీ హోస్టింగ్ నడిపే పేజీ సీప్యానెల్ అయితే ఇలా చెయ్. డొమైన్స్‌లోకి వెళ్ళి పాతపేరు.ఇన్ ని కొత్త డొమైన్‌గా చేర్చు. డాక్యుమెంట్ రూట్ షేర్ చెయ్యమనే టిక్ తీసేసి వేరే ఖాళీ ఫోల్డర్ ఇవ్వు. అప్పుడు సర్వర్‌కి ఆ పేరు తెలుస్తుంది. తర్వాత ఎస్ఎస్ఎల్ స్టేటస్‌లో ఆటోఎస్ఎస్ఎల్ రన్ చెయ్. సర్టిఫికెట్ వచ్చాక రీడైరెక్ట్స్‌లో పాతపేరు నుంచి కొత్తపేరుకి పెట్టి, వైల్డ్ కార్డ్ అనే టిక్ పెట్టు. పేజీ పేరుని కూడా మోసుకెళ్ళేది ఆ టిక్కే.

మొదట టెంపరరీ, అంటే 302 పెట్టి చూడు. బాగుంటే పర్మనెంట్, అంటే 301 చెయ్. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి, తప్పు 301 పెడితే నువ్వు సరిచేశాక కూడా వాళ్ళ ఫోనులో తప్పే తెరుచుకుంటుంది.

మూడోగేర్ (12:55)
మూడు డబ్ల్యూల సీనేమ్ ఏం చెయ్యాలి? అదీ తీసెయ్యాలా?

సర్వర్‌గది (1:01)
అది ఉండొచ్చు, అది సబ్‌డొమైన్ కాబట్టి ఇబ్బంది లేదు. నేనైతే దాన్ని కొత్తపేరుకి కాకుండా పాతపేరు.ఇన్ కే పెడతాను. రేపు సర్వర్ మారితే ఒక్క ఏ రికార్డు మారిస్తే రెండూ మారతాయి.

నర్సరీ_తమ్ముడు (మధ్యాహ్నం 3:20)
పాతపేరు.ఇన్ కి సర్టిఫికెట్ వచ్చింది, 302 పెట్టాను, వెళ్తోంది! మూడు డబ్ల్యూలకి మాత్రం సర్టిఫికెట్ రావట్లేదు. అన్న చెప్పినట్టు ఆ సీనేమ్ తీసేసి పాతపేరుకి మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఆ పేరే లేదంటోంది.

పడమటిగాలి (3:27)
పేరు గడిలో ఏం రాశావు? మూడు డబ్ల్యూలు ఒక్కటే రాశావా, మొత్తం పేరు రాశావా?

నర్సరీ_తమ్ముడు (3:30)
మొత్తం పేరు. మూడు డబ్ల్యూలు, చుక్క, పాతపేరు.ఇన్.

పడమటిగాలి (3:36)
అక్కడే ఉంది. డొమైన్ పేరు ప్యానెల్ తనంతట తనే చివర కలుపుతుంది. నువ్వు చేసింది మూడు డబ్ల్యూలు, చుక్క, పాతపేరు.ఇన్.పాతపేరు.ఇన్ అయిపోయింది. మూడు డబ్ల్యూలు ఒక్కటే రాయి. నాకు ఇదే కుడివైపు జరిగింది. ఒక ప్యానెల్‌లో ghs పేరు చివర చుక్క పెట్టలేదని దాని వెనక నా డొమైన్ కలిపేసింది. రెండు రోజులు తిరిగాను ఆ ఒక్క చుక్క కోసం. చివర చుక్క ఉంటే పేరు అక్కడితో పూర్తి అని అర్థం.

నర్సరీ_తమ్ముడు (3:41)
సరిచేశాను. ఇంకా లేదంటోంది.

తపాలాబంట్రోతు (3:45)
"లేదు" అనే జవాబుని కూడా క్యాష్ చేస్తారు. అది ఎంతసేపన్నది ఎస్ఓఏ రికార్డులో ఉంటుంది. ఆ పేరు లేనప్పుడు నువ్వు పదిసార్లు అడిగి ఉంటావు. కాసేపు ల్యాప్‌టాప్ మూసి టీ తాగిరా.

నర్సరీ_తమ్ముడు (సాయంత్రం 5:05)
టీ అయింది, సర్టిఫికెట్ కూడా వచ్చింది. షెడ్డులో అన్నయ్య పాత ట్యాగు ఒకటి ఫోనుతో స్కాన్ చేశాడు, పనస పేజీయే తెరుచుకుంది, అడ్రస్ బార్‌లో కొత్తపేరు. ఇప్పుడు 301 చేసేశాను.

తపాలాబంట్రోతు (5:20)
చాలా సంతోషం. కానీ ఇంకొక్కటి, ఇది చాలామంది చూడరు. నీ సైటులో ఎంక్వయిరీ ఫారం ఉందా? అది ఇన్‌ఫో@పాతపేరుకే మెయిల్ పంపుతుందా?

నర్సరీ_తమ్ముడు (5:24)
అవును, దానికే. ఇప్పుడే నింపి చూశాను, మెయిల్ రాలేదు! పంపినట్టే చూపిస్తోంది.

తపాలాబంట్రోతు (5:33)
పాతపేరుని హోస్టింగ్‌లో చేర్చావు కదా. ఆ క్షణం నుంచి ఆ సర్వర్ ఈ డొమైన్ నాదే అనుకుంటోంది. ఫారం మెయిల్‌ని బయటికి పంపకుండా తన దగ్గరే దించుకోవాలని చూస్తోంది. బయటివాళ్ళు పంపినవి మామూలుగానే వస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ అని ఉంటుంది. పాతపేరు ఎంచుకుని లోకల్ నుంచి రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్‌కి మార్చు. నాకు తెలిసిన ఒక పెళ్ళి మండపం వాళ్ళు దీనివల్ల ఒక సీజన్ ఎంక్వయిరీలన్నీ పోగొట్టుకున్నారు.

నర్సరీ_తమ్ముడు (5:41)
మార్చాను. ఫారం మెయిల్ వచ్చింది. తపాలా గారూ, మీరు అడగకపోతే నాకు తెలిసేదే కాదు. మా ఆర్డర్లలో సగం ఆ ఫారం నుంచే వస్తాయి.

ఫ్రిస్కో_నాన్న (మరుసటి రోజు, ఉదయం 7:15)
ఆలస్యంగా చూశాను, ఇక్కడ రాత్రి. ఒక విషయం కలుపుతాను. మా తెలుగు బడి సైటుకి పాత సబ్‌డొమైన్ ఒకటి ఉండేది, ఒక క్లౌడ్ సర్వీసుకి సీనేమ్ పెట్టి. ఆ సర్వీసులో అకౌంటు మూసేశాం, సీనేమ్ తియ్యడం మర్చిపోయాం. కొన్ని నెలల తర్వాత ఒక పిల్లవాడి అమ్మగారు ఫోన్ చేసి, బడి లింకు కొడితే పేకాట సైటు వస్తోందన్నారు. మేం వదిలేసిన పేరుని అదే సర్వీసులో ఇంకెవరో తీసుకున్నారు. మా సీనేమ్ ఇంకా అటే చూపిస్తోంది. హ్యాకింగ్ ఏమీ లేదు, తలుపు మేమే తీసి వదిలేశాం. సర్వీసు ఆపే ముందే సీనేమ్ తియ్యండి, ఆపిన తర్వాత కాదు. ఆ తల్లికి ఏం చెప్పాలో తెలియక ఆరోజు నాకు నోట మాట రాలేదు.

మూడోగేర్ (7:32)
ఇది చదివి మా ఆఫీసు జోన్ ఇప్పుడే చూశాను. అలాంటివి మూడు ఉన్నాయి. తీసేశాను.

వెన్నెలరాతలు (8:05)
కొంచెం పక్కకి వెళ్తున్నాను, ఏమనుకోకండి. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ తీసుకోవాలని ఉంది, కవితల కోసం. దానికి సీనేమ్ పెట్టాలంటే గడిలో తెలుగులోనే రాయొచ్చా?

సర్వర్‌గది (8:21)
కొన్ని ప్యానెల్స్ తెలుగు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. డీఎన్ఎస్ లోపల మాత్రం అది ఎక్స్ఎన్ అని రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల రూపంలోనే ఉంటుంది, ప్యునీకోడ్ అంటారు. ఆ రూపంలోకి మార్చి పెడితే ఎక్కడైనా పనిచేస్తుంది. బ్రౌజర్‌లో మాత్రం మీ తెలుగు పేరే కనిపిస్తుంది. తప్పకుండా తీసుకోండి, మన లిపిలో పేర్లు ఇంకా పెరగాలి. సర్టిఫికెట్ కూడా ఆ ఎక్స్ఎన్ రూపానికే వస్తుంది, చూసి కంగారుపడకండి.

గాలిపటం (8:40)
పాత డొమైన్‌ని ఎన్నాళ్ళు ఉంచాలి? ఒక ఏడాది చాలంటారు కదా.

ఓరుగల్లు_కోడర్ (8:47)
గూగుల్ కోసమైతే కనీసం ఏడాది ఉంచమంటారు. సెర్చ్ కన్సోల్‌లో చేంజ్ ఆఫ్ అడ్రస్ కూడా చేసుకోవాలి. దానికి పాతపేరు వెరిఫై అయి ఉండాలి. తమ్ముడూ, నువ్వు తీసేసిన రెండో టెక్స్ట్ రికార్డు అదే అయితే మళ్ళీ పెట్టు.

తపాలాబంట్రోతు (9:02)
ఏడాది మాట నేను ఒప్పుకోను. పాతపేరు మీద మెయిల్ ఉంది. డొమైన్ వదిలేస్తే రేపు ఎవరైనా కొనుక్కుని అదే ఇన్‌ఫో అడ్రసు తయారు చేసుకోవచ్చు. దానితో తెరిచిన బ్యాంకు, జీఎస్టీ, కొరియర్ అకౌంట్ల పాస్‌వర్డులు మార్చేసుకోవచ్చు. పైగా మామిడి మొక్కకి కట్టిన ట్యాగు ఏడాదికి ఊడిపోతుందా? డబ్బు కట్టగలిగినన్నాళ్ళు ఉంచండి.

నర్సరీ_తమ్ముడు (సాయంత్రం 6:30)
తపాలా గారి మాట అన్నయ్యకి చదివి వినిపించాను. వెంటనే డాట్ ఇన్‌ని అయిదేళ్ళకి రెన్యూ చేయించాడు. టెక్స్ట్ రికార్డు మళ్ళీ పెట్టాను, అడ్రస్ మార్పు కూడా పంపాను. బెంగళూరు వాళ్ళ మెయిల్ మధ్యాహ్నం వచ్చింది: నాలుగు వందల టెకోమా, అరవై పొగడ, రెండు వందల నందివర్ధనం. లారీ సోమవారం.

సర్వర్ లాగ్ చూశాను, రాత్రి నుంచి పాత ట్యాగుల మీద నుంచి 31 మంది వచ్చారు. ఎక్కువమంది నిమ్మ పేజీకి.

సర్వర్‌గది (6:44)
లాగ్ చూడటం మంచి అలవాటు, అందులో 404లు కూడా చూడు. పేరు మార్చిన పేజీలేమైనా ఉంటే అక్కడ దొరుకుతాయి. నెలాఖరులోపు పాత హోస్టింగ్ నుంచి డేటాబేస్‌తో సహా పూర్తి బ్యాకప్ దింపుకో.

నర్సరీ_తమ్ముడు (6:52)
404లు రెండు ఉన్నాయన్నా, "సంపంగి", "కరివేపాకు". కొత్త సైటులో వాటి స్పెల్లింగు మార్చాను. వాటికి విడిగా రీడైరెక్ట్ పెడుతున్నాను. బ్యాకప్ దిగుతోంది.